ఆర్కిటిక్ పరిశోధన దండగన్న వాదం

ఉత్తర ధ్రువ ప్రాంతపు మంచు మీద, అక్కడి సముద్రం మీద, గాలి మీద భారతదేశం చేయిస్తున్న క్షేత్ర పరిశోధనకు ప్రజాధనం వెచ్చించడం దండగన్న అభిప్రాయం గోదావరి డెల్టాలో చదువుకున్నవారిలోనూ సేద్యగాళ్లలోనూ బలంగా నాటుకుని ఉంది. ఏటా వరద హెచ్చరికలు మోగే ధవళేశ్వరానికి పక్కనే, ఒండ్రుమట్టిని నమ్ముకుని వేలాది కుటుంబాలు మొక్కలు పెంచి బతుకుతున్న కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు వంటి ఊళ్లలో ఈ అభిప్రాయానికి మరింత పదును వస్తుంది. మురుగు కాలువల్లో గుర్రపుడెక్క తీయించడానికే నిధులు చాలడం లేదని రైతులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నప్పుడు, లంకల్లోకి నీరు ఎన్ని గంటలకు ఎక్కుతుందో ఊరూరికీ విడివిడిగా చెప్పగల ఏర్పాటు ఇంకా కుదురుకోనప్పుడు, ఏడు వేల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఏడాదిలో నాలుగు నెలలు సూర్యుడే పొడవని దీవిలో పరికరాలు దించడం ఎవరి మేలుకని ఈ వాదం అడుగుతుంది. ఇలా అడిగేవారి బాధ నిజమైనదే కనుక దీన్ని తేలిగ్గా తోసిపుచ్చడం న్యాయం కాదు. దూరంగా ఉన్నది మనకు సంబంధించనిది అన్న ఊహ మీద, అక్కడ పెట్టిన రూపాయి ఇక్కడినుంచి లాక్కున్న రూపాయి అన్న లెక్క మీద ఈ వాదం నిలబడి ఉంది. ఆ ఊహా తప్పు, ఆ లెక్కా తప్పు.

ముందుగా ఆ ఖర్చు దేనికన్నది తెలియాలి. నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, నీ-ఆలెసుండ్ అనే చిన్న ఊరు ఉంది. అది ఒకప్పటి బొగ్గు గని. 1962లో జరిగిన పేలుడులో 21 మంది మరణించాక గని మూతపడి, కాలక్రమంలో పలు దేశాల పరిశోధన కేంద్రంగా మారింది. భారత శాస్త్రవేత్తలు 2007లో తొలిసారి అక్కడికి వెళ్లారు. 2008 జులైలో ‘హిమాద్రి’ అనే కేంద్రం తెరుచుకుంది. 2014 జులైలో అక్కడి కాంగ్స్ ఫియోర్డ్‌లో, అంటే హిమానీనదాలు తొలిచిన లోయలోకి సముద్రం చొరబడి ఏర్పడిన సన్నని పాయలో, 192 మీటర్ల లోతున ‘ఇండార్క్’ అనే పరికరాల వరుసను లంగరు వేసి నిలిపారు. నీటి ఉష్ణోగ్రతనూ ఉప్పదనాన్నీ ప్రవాహ వేగాన్నీ అది ఏడాది పొడుగునా నమోదు చేస్తుంది. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థలతో పాటు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ కూడా ఆ పనిలో పాలుపంచుకుంది. కాకినాడ తీరపు మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లను సూచించేదీ, సునామీ హెచ్చరికలు పంపేదీ ఈ ఇన్‌కాయిసే. ధ్రువంలో కొలిచేవారు, డెల్టాకు కబురు చెప్పేవారు రెండు వేర్వేరు లోకాలకు చెందినవారు కారని ఈ ఒక్క సంగతి వల్లనే అర్థమవుతుంది.

ఇక దూరం మాట. దూరాన కురిసిన వాన తమది కాదని గోదావరి డెల్టా రైతు ఏనాడూ అనుకోలేదు. ధవళేశ్వరం దగ్గర పొంగే నీటిలో అధిక భాగం ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదులు మోసుకొచ్చేదే. గడ్చిరోలిలోనో బస్తర్‌లోనో కుంభవృష్టి కురిస్తే భద్రాచలంలో నీటిమట్టం ఎన్ని అడుగులకు చేరిందో కనుక్కుని ఇక్కడివారు సామాన్లు సర్దుకుంటారు. 1986 ఆగస్టులో బ్యారేజీ మీదుగా 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద సముద్రంలోకి వెళ్లింది. 2022లో జులై నెలలోనే, అంటే పెద్ద వరదలు సాధారణంగా రాని నెలలో, అది 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రెండు సందర్భాల్లోనూ డెల్టాను ముంచిన వాన ప్రధానంగా డెల్టాలో కురిసింది కాదు. ఎగువను చూసి దిగువ జాగ్రత్తపడడం ఈ ప్రాంతానికి తాతల నాటి విద్య. ఆ ఎగువ ఎక్కడ మొదలవుతుందన్నది పటంలో నదీ పరీవాహక ప్రాంతపు గీత తేల్చే విషయం కాదని మాత్రమే ఆర్కిటిక్ శాస్త్రం చెబుతోంది.

దూరం గురించిన ఊహ పూర్తిగా తలకిందులయ్యే చోటు గ్రీన్‌లాండ్. అక్కడ కొన్ని చోట్ల మూడు కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచు పలక ఉంది. అది మొత్తం కరిగితే ప్రపంచ సముద్రమట్టం సుమారు ఏడు మీటర్లు పెరుగుతుంది. అంత జరగడానికి శతాబ్దాలు, బహుశా సహస్రాబ్దాలు పట్టవచ్చు గానీ, 2002 నుంచి ఉపగ్రహాలు తూచిన లెక్క ప్రకారం ఆ పలక ఏటా సగటున 27 వేల కోట్ల టన్నుల దాకా మంచును పోగొట్టుకుంటోంది. కరిగిన నీరు తొట్టిలో పోసినట్లు అంతటా సమానంగా పరుచుకుంటుందని ఎవరైనా అనుకుంటారు. నిజానికి జరిగేది వేరు. అంతటి బరువైన మంచు గుట్ట తన గురుత్వాకర్షణతో చుట్టూ ఉన్న సముద్రాన్ని తన వైపు లాక్కుని ఎత్తుగా నిలిపి ఉంచుతుంది; మంచు తగ్గేకొద్దీ ఆ పట్టు సడలి, అక్కడ గుమిగూడిన నీరు దూర సముద్రాలకు తరలిపోతుంది; బరువు తగ్గిన నేల కూడా మెల్లగా పైకి లేస్తుంది. ఫలితంగా గ్రీన్‌లాండ్‌కు సుమారు రెండు వేల కిలోమీటర్ల లోపు సముద్రమట్టం పెరగకపోగా తగ్గుతుంది. వేల కిలోమీటర్ల అవతల ఉన్న ఉష్ణమండల సముద్రాల్లో పెరుగుదల ప్రపంచ సగటును మించుతుంది. గ్రీన్‌లాండ్ నుంచి తొమ్మిది వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న అంతర్వేదికీ ఉప్పాడకూ అంత దూరంలో ఉండడమే చేటు తెస్తోంది. దూరాన్ని చూపి నిశ్చింతగా ఉండమనే వాదానికి భౌతిక శాస్త్రంలో ఇంతకంటే సూటి సమాధానం మరొకటి లేదు.

ఆ పెరుగుదల మిల్లీమీటర్లలోనే ఉంటుంది కదా అని కొందరు అంటారు. 2006–2018 మధ్య ప్రపంచ సగటు పెరుగుదల ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు. డెల్టా అన్నది నది తెచ్చిన ఒండ్రు పేరుకుని నిలిచిన నేల. ఒండ్రు వస్తున్నంత కాలం తన బరువుకు తాను కుంగే ఆ నేల మళ్లీ మళ్లీ పూడుకుంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 1970ల్లో గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రును తేగా, 2000 తర్వాతి ఏళ్లలో అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. ఎగువ ఆనకట్టల వెనుక మిగతాది ఆగిపోతోంది. కింద నేల పూడుకోవడం మానేసినప్పుడు, బయట సముద్రం మిల్లీమీటరు చొప్పున లేచినా ఆ రెండూ కలిసే చోట నష్టం కూడుకుంటూ పోతుంది. కోనసీమలో ఆ నష్టం మొదట కనబడేది సముద్రపు గట్టు మీద కూడా కాదు, మురుగు కాలువ తూము దగ్గర: పాటు సమయంలో సముద్రం దిగితేనే పొలాల నీరు బయటికి పోవాలి, ఆ దిగుడు తగ్గితే తూము తలుపు తెరిచినా నీరు కదలదు, వరి దుబ్బు నీటిలోనే కుళ్లుతుంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు పారుదల కూడా వారి ఫిర్యాదుల్లో ఉంది. అందుకు సముద్రమట్టమే కారణమని ఎవరూ అనలేరు. పూడిక తీయని కాలువల పాపం పెద్దది. కానీ రేపు పూడిక తీయించేటప్పుడు తూమును ఎంత ఎత్తున కట్టాలో, పంపులు పెట్టాలో అక్కర్లేదో నిర్ణయించే ఇంజనీరుకు ముప్పై ఏళ్ల తర్వాతి సముద్రమట్టం కావాలి, ఆ అంకెలో అతి పెద్ద సందేహాలు ధ్రువాల మంచు దగ్గరే ఉన్నాయి.

రుతుపవనాల సంగతి ఇంకా చిక్కైనది, ఇక్కడ దండగవాదులు చెప్పేదానిలో కొంత నిజముంది. ఆర్కిటిక్ సముద్రపు మంచు తగ్గుదలకూ భారతదేశపు వానలకూ ఉన్న లంకె ఇంకా గణాంకాల స్థాయిలోనే ఉంది, శాస్త్రవేత్తలలో ఏకాభిప్రాయం లేదు. గోవాలోని ధ్రువ కేంద్రపు శాస్త్రవేత్తలు నార్వే సహచరులతో కలిసి 2021లో ప్రచురించిన పరిశోధన, రష్యాకు ఉత్తరాన ఉన్న కారా సముద్రంలో వేసవి మంచు బాగా తగ్గిన ఏళ్లలో వాయవ్య ఐరోపా మీద అధిక పీడనం ఏర్పడి, ఎగువ గాలుల్లో పుట్టిన అలజడి ఆసియా దాకా పాకి, సెప్టెంబరులో మధ్య భారతంలో అతి భారీ వర్షాలకు తోడ్పడే అవకాశం ఉందని చూపింది. అది అవకాశం మాత్రమే, రుజువైన నియమం కాదని ఆ శాస్త్రవేత్తలే చెప్పారు. అయినా మధ్య భారతమంటే గోదావరికి వరద పుట్టే చోటు. సెప్టెంబరు అంటే కడియం నర్సరీల్లో చలికాలపు చామంతి, బంతి, పెటూనియా నారు మడుల్లో ఉండే కాలం. ఆ సమయంలో రెండు రోజులు నీరు నిలిస్తే పాలిథిన్ కవర్ల అడుగున మట్టి బురదై వేరు ఊపిరాడక నల్లబడుతుంది, కొమ్మలకు కట్టిన గాలి అంట్లలో నాచు బూజు పట్టి వేరు పోయదు, షేడ్ నెట్ కింద తేమ తగ్గక ఆకుమచ్చ తెగులు మడి నుంచి మడికి పాకుతుంది. లారీకి ఎక్కించవలసిన సరుకు కుప్పపోసి పారేయవలసి వస్తుంది. పది రోజుల ముందు హెచ్చరిక ఉంటే కవర్లను ఎత్తైన మడుల మీదికి మార్చవచ్చు, నారు పోయడం వాయిదా వేయవచ్చు. అలాంటి హెచ్చరిక ఈనాడు లేదు. ఉండడానికి వీలుందో లేదో తేలాలన్నా, లంకె నిజమో కాదో తేలాలన్నా దారి ఒక్కటే: ఆ మంచునూ ఆ సముద్రాన్నీ ఏళ్ల తరబడి కొలవడం. తెలియనిదాన్ని చూపి కొలవడం మానేయమనడం తర్కం కాదు.

ఈ దేశపు వాతావరణ శాస్త్ర చరిత్ర కూడా ఆ మాటను ఒప్పుకోదు. 1876–78 నాటి ధాత కరువులో లక్షల మంది చనిపోయాక, వాతావరణ శాస్త్రవేత్త హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ హిమాలయాల మీద కురిసే మంచుకూ మైదానాల అనావృష్టికీ సంబంధం వెతికి 1884లో ప్రకటించాడు. 1899 కరువు తర్వాత, 1904లో భారత వాతావరణ శాఖ అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్, దక్షిణ అమెరికా నుంచి ఆస్ట్రేలియా దాకా పీడన లెక్కలు తెప్పించి, పసిఫిక్ మహాసముద్రం ఒక కొసన పీడనం పెరిగితే మరో కొసన తగ్గే దక్షిణ డోలనాన్ని గుర్తించాడు. ఆ డోలనానికి ఎల్ నినోతో ఉన్న ముడిని, అంటే పసిఫిక్ ఉపరితలం వేడెక్కడంతో ఉన్న ముడిని, 1960ల్లో గానీ వివరించలేకపోయారు. ఇవాళ ఎల్ నినో వార్త రాగానే రాజమహేంద్రవరం ఎరువుల దుకాణంలో కూడా ఖరీఫ్ గురించి చర్చ మొదలవుతుంది. దక్షిణ అమెరికా పీడన లెక్కలు భారతీయ రైతుకు ఎందుకని వాకర్‌ను ఆనాడే నిలదీసి నిధులు ఆపి ఉంటే ఆ జ్ఞానం పుట్టేదే కాదు. ఎల్ నినో ఒక్కటే అన్నిటికీ సమాధానం కాదని 1997 నిరూపించింది: శతాబ్దపు బలమైన ఎల్ నినోలలో ఒకటి వచ్చిన ఆ ఏడాది భారతదేశంలో వర్షపాతం సాధారణంగానే ఉంది. మిగిలిన సమాధానాలు ఎక్కడున్నాయో వెతకక తప్పదు, 1979 నుంచి భూమి సగటు కంటే నాలుగు రెట్ల దాకా వేగంగా వేడెక్కుతున్న ప్రాంతాన్ని ఆ వెతుకులాట నుంచి తప్పించడం కుదరదు.

ఇక అన్నిటికంటే తెలివైనదిగా కనిపించే అభ్యంతరం ఒకటుంది: ఉపగ్రహాలు అన్నీ చూస్తున్నాయి, సంపన్న దేశాలు ఆ సమాచారాన్ని ఉచితంగా ఇస్తున్నాయి, మనుషులను పంపడం ఎందుకు? ఉపగ్రహం చూసేది నిజమో కాదో నేల మీద ఎవరో సరిచూడకపోతే అది చెప్పేది అంచనాయే. వేసవిలో సముద్రపు మంచు మీద కరిగిన నీరు మడుగులు కడుతుంది. ఉపగ్రహపు మైక్రోవేవ్ పరికరానికి ఆ మడుగూ అడుగున మంచు లేని సముద్రమూ ఒకేలా కనబడి, ఉన్న మంచును లేనట్లు లెక్క వేస్తుంది. మంచు మందం కొలిచే ఉపగ్రహం నీటిపైకి తేలిన భాగం ఎత్తును మాత్రమే చూడగలదు. దాన్నుంచి మొత్తం మందం రాబట్టాలంటే పైన ఎంత హిమం పేరుకుని ఎంత బరువు వేస్తోందో తెలియాలి. ఆ హిమపు లోతుకు దశాబ్దాల పాటు శాస్త్రవేత్తలు ఆధారపడినది 1954 నుంచి 1991 దాకా సోవియట్ పరిశోధకులు తేలియాడే మంచు పలకల మీద శిబిరాలు వేసుకుని, చేతి కర్రలతో గుచ్చి కొలిచిన లెక్కల మీద. అంతరిక్షం నుంచి వచ్చే అంకెకు కూడా చివరికి పునాది ఆ కర్రే.

ఉచితంగా వచ్చే సమాచారం ఎప్పటికీ వస్తుందన్న భరోసా కూడా ఇటీవలి కాలంలో చెదిరిపోయింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఆర్కిటిక్ దేశాల వేదిక అయిన ఆర్కిటిక్ మండలి పనులు స్తంభించాయి, రష్యా కేంద్రాల నుంచి పాశ్చాత్య శాస్త్రవేత్తలకు సమాచారం ఆగిపోయింది. ఆర్కిటిక్ భూభాగంలో సగానికి దగ్గరగా రష్యాదే కావడంతో, మిగిలిన కేంద్రాల లెక్కలు మొత్తం ప్రాంతానికి ప్రాతినిధ్యం వహించలేకపోతున్నాయని 2024లో వెలువడిన అధ్యయనం చూపింది. 2025లో అమెరికా రక్షణ శాఖ, సముద్రపు మంచు విస్తీర్ణాన్ని దశాబ్దాలుగా లెక్కించడానికి ఆధారమైన ఉపగ్రహాల సమాచార పంపిణీని ఆపేస్తున్నట్లు ప్రకటించి, తర్వాత గడువు పొడిగించింది. ఇతరుల బావి నుంచి నీళ్లు తోడుకునే ఇల్లు ఆ బావి యజమానుల తగాదాలకు లోబడే ఉంటుంది. 2013 నుంచి ఆర్కిటిక్ మండలిలో పరిశీలక హోదా ఉన్న భారతదేశానికి స్వాల్‌బార్డ్‌లో పరిశోధన చేసుకునే హక్కు 1920 నాటి ఒప్పందం వల్ల సంక్రమించింది. ఆ హక్కును వాడుకోకుండా పక్కన పెట్టడం పొదుపు కాదు.

డబ్బు లెక్క కూడా చూడాలి. కేంద్ర మంత్రివర్గం 2024 జనవరిలో ఆమోదించిన ‘పృథ్వి’ పథకం కింద 2021–26 మధ్య ఐదేళ్లకు కేటాయింపు 4,797 కోట్ల రూపాయలు. అందులోనే వాతావరణ అంచనాలు, సముద్ర సేవలు, భూకంప పరిశోధన, శిక్షణ, ధ్రువ పరిశోధన అన్నీ ఉన్నాయి; ధ్రువ పరిశోధనలో మళ్లీ అంటార్కిటికా, దక్షిణ మహాసముద్రం, హిమాలయాల మంచు, ఆర్కిటిక్ వాటాలు పంచుకోవాలి. పోలవరం ప్రాజెక్టుకు 2017–18 ధరల ప్రకారం సాంకేతిక సలహా సంఘం ఒప్పుకున్న అంచనా 55,548 కోట్లు. అంటే ఈ పథకమంతటికీ దేశం ఐదేళ్లలో పెట్టేది ఆ ఒక్క ప్రాజెక్టు అంచనాలో పదకొండో వంతు కూడా కాదు. పోలవరం స్పిల్‌వేను 50 లక్షల క్యూసెక్కుల వరదకు తట్టుకునేలా రూపొందించారు. రాబోయే వందేళ్లలో గోదావరికి ఎంత వరద రావచ్చునన్న అంచనా మీద అన్ని వేల కోట్ల కాంక్రీటు నిలిచి ఉన్నప్పుడు, ఆ అంచనాను మెరుగుపరిచే కొలతలకు పెట్టే సొమ్మును దుబారా అనడం ఇంజనీరింగు విచక్షణకే విరుద్ధం. ఆర్థర్ కాటన్ 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయడానికి ముందు ఈ నదిని నడిచి, కొలిచి, నివేదికలు రాశాడు. కొలతకు పెట్టిన ఆ కాలం వృథా అని డెల్టాలో ఎవరూ అనరు.

నిజానికి దండగవాదులు నిలదీయవలసింది ఖర్చు ఎక్కువైందని కాదు, మొదలుపెట్టిన పని సాగలేదని. మంచు చీల్చుకుంటూ వెళ్లగల సొంత పరిశోధన నౌకకు కేంద్రం 2014లోనే వెయ్యి కోట్లకు పైగా మంజూరు చేసింది. ఆ ఓడ ఇప్పటికీ నీటి మీదికి రాలేదు, భారత బృందాలు అద్దె ఓడల మీద, ఇతర దేశాల ఓడల్లో ఇచ్చే చోటు మీద ఆధారపడుతున్నాయి. హిమాద్రిలో చలికాలపు చీకటి నెలల్లో మనుషులు ఉండి పనిచేయడం 2023 డిసెంబరులో గానీ మొదలు కాలేదు. అలాగే గోదావరి డెల్టాలో సొంత కొలతలు చాలవన్నది నిజం: కుంగే నేలను పసిగట్టే పరికరాలు, మురుగు కాలువల ముఖద్వారాల దగ్గర నీటిమట్టపు నమోదులు ఊళ్ల వారీగా ఉండాలి, వాటి కోసం కడియం, అమలాపురం, కాకినాడ ప్రజాప్రతినిధులు పట్టుబట్టాలి. అయితే ఆ రెండు కోరికలూ ఒకే ఖాతాకు చెందినవి. ధ్రువ నిధులు కోసేస్తే మిగిలే సొమ్ము కోనసీమ మురుగు కాలువకు చేరుతుందని చూపే ఏర్పాటు ప్రభుత్వ బడ్జెట్‌లో ఎక్కడా లేదు. కొలతల మీద ఖర్చు తగ్గించడం ఒకసారి అలవాటైతే తర్వాతి కోత పడేది దగ్గరి కొలతల మీదే.

ఇన్నేళ్ల పరిశోధన ఏం ఫలితమిచ్చిందన్న ప్రశ్నకు కూడా సమాధానం ఇక్కడే ఉంది. వాతావరణంలో మార్పును ఏటేటి ఒడిదుడుకుల నుంచి వేరు చేయాలంటే శాస్త్రజ్ఞులు సాధారణంగా ముప్పై ఏళ్ల లెక్కలు అడుగుతారు. ఇండార్క్ మొదలై ఇంకా అందులో సగం కూడా కాలేదు. లోతున ఉన్న ఆ పరికరాల బ్యాటరీలు నిరంతరం పనిచేయవు. వేసవిలో ఓడ వెళ్లి, లంగరును పైకి తీసి, నమోదైన అంకెలను దింపుకుని, కొత్త బ్యాటరీలతో మళ్లీ దించాలి. ‘పృథ్వి’ తర్వాతి విడతకు కేటాయింపులు నిర్ణయించేటప్పుడు ఒక్క వేసవికి ఆ ఓడ ప్రయాణానికి నిధులు ఆగితే, ఆ ఏడాది కాంగ్స్ ఫియోర్డ్‌లోకి వెచ్చని అట్లాంటిక్ నీరు ఎంత చొచ్చుకొచ్చిందో చెప్పే లెక్క లేకుండా పోతుంది; ఆ తర్వాత ఎన్ని కోట్లు పోసినా ఆ ఏడాదిని తిరిగి కొలవడం సాధ్యం కాదు.